సముద్రానికి తూము

మొన్న మా మనవరాలు సెల్‌ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. స్నేహితురాళ్ళతో కలిసి సముద్రం పక్కనే కారులో తిరిగి వచ్చిందట. పాండిచ్చేరి, నాగపట్నం, అలా పోయి పోయి రామేశ్వరం. ఫోన్‌లో నీలం నీళ్ళు, వాటి మీద కొత్త వంతెన, దాని పక్కనే తుప్పు రంగులో పాత పాంబన్ వంతెన. "పాతదాని మీద ఇప్పుడు రైళ్ళు పోవవ్వా, ఊరికే నిలబడి ఉంది" అంది. కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. చూడగానే నోట్లో ఉప్పగా అనిపించింది. చెబితే నవ్వుతుందని చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. చదివి ఎవరు నవ్వినా నాకు వినబడదు కదా.

మా ఊరు పుంగనూరుకు దగ్గర. ఊరికి ఓ పెద్ద చెరువు, ఆ చెరువుకు మా తాత నీరుగంటి. నీరుగంటి అంటే చెరువు నీళ్ళకు పెద్ద. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి, ఎవరి పొలం కయ్యకు ఎంతసేపు నీళ్ళు పారాలి, అన్నీ ఆయన చెప్పినట్టే జరగాలి. ఇంట్లో మా అవ్వ మాటకు తిరుగులేదు గానీ, కట్ట ఎక్కాడంటే ఆయన మాటకు తిరుగులేదు. తూము ఎత్తే ముందు దోసెడు నీళ్ళు తీసుకుని ఒక గుక్క తాగేవాడు. తాగకుండా ఒక్కనాడూ తూము ముట్టుకోలేదు. "పైరుకు పెట్టేది మనం తాగి సూడకపోతే ఎట్లా?" అనేవాడు.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. ఎవరైనా దొంగచాటుగా కాలవ గండి కొట్టి తమ కయ్యకు నీళ్ళు తిప్పుకుంటే, పట్టుకుని ముందుగా ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు. "పైరు ఎండతాంటే తిప్పుకుంటివా, ఊరికే తిప్పుకుంటివా?" ఎండుతున్న పైరుకైతే తప్పు లేదు, వదిలేసేవాడు. తడిగా ఉన్న కయ్యకే మళ్ళీ తిప్పుకుని ఉంటే మాత్రం కట్టకు పది గంపల మట్టి మోయాలి. అదీ తప్పు, అంటే జరిమానా. ఊళ్ళో ఆ పది గంపలు మోయని ఇల్లు లేదు. మా నాయన కూడా మోశాడు.

నాకు ఊహ తెలిసేటప్పటికి ఆ చెరువులో నీళ్ళు లేవు. వరుసగా కరువు. మేం పిల్లలం చెరువు నడిమధ్య బిళ్ళంగోడు ఆడుకునేవాళ్ళం. తాత మాత్రం రోజూ పొద్దున్నే పార భుజాన వేసుకుని కట్ట మీదికి పోయి, తూము చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు. ఏం చూసి వచ్చావని అవ్వ అడిగేది కాదు. వేడి సంగటి ముద్ద, దాని గుంతలో ఊరిబిండి పచ్చడి వేసి ముందు పెట్టేది.

ఆ రోజుల్లోనే రామేశ్వరం పోయి వచ్చిన ఓ దాసరి మా అరుగు మీద కూర్చుని ఓ వింత చెప్పాడు.

"సముద్రానికి అడ్డంగా కట్ట మాదిరి కట్టినారప్పా. దానిమింద రైలు పోతాది. నడిమిన తూము మాదిరి ఉండాది. ఎత్తతారు, దించతారు."

తాత నోట్లో చుట్ట అలాగే ఆగిపోయింది. "సముద్రానికి తూమా! ఎత్తి నీళ్ళు యాడికి వదల్తారప్పా?"

"అది నాకు తెలీదు సామీ" అన్నాడు దాసరి, బియ్యం జోలెలో పోయించుకుంటూ.

ఇక తాతకు నిద్ర లేదు. వెంకటగిరికోట సంతకు పోయిన వాళ్ళనూ, మదనపల్లెకు టమోటాలు వేసుకుపోయిన వాళ్ళనూ అందరినీ అడిగాడు. ఎవరికీ తెలియదు. చివరికి ఒకనాడు ఎండిన చెరువు వైపు తిరిగి చేతులు జోడించి, నలుగురూ వినేటట్టు మొక్కుకున్నాడు. "గంగమ్మా, ఈ సెరువు ఒక్క తూరి మరవ పారితే సాలు. ఆ నీళ్ళు ఒక సెంబు తీసకపోయి, సముద్రం తూము కాడ నా సేతులారా కలిపి వస్తా." చెరువు నిండి, కట్ట చివరి రాతి మెట్ల మీదుగా పొంగి పారడాన్ని మా వైపు మరవ పారడం అంటారు. ఏ ఊరి వాళ్ళకైనా అంతకు మించిన పండుగ లేదు.

అవ్వ నెత్తి కొట్టుకుంది. "మొక్కేది మొక్కితివి, దగ్గర్లో ఉండే సామికి మొక్కకూడదా? మొక్కి తీర్సకపోతే గంగమ్మ ఊరుకుంటాదా?"

ఆ ఏడే వాన పడింది. మామూలు వాన కాదు, మూడు రోజులు గడప దాటనివ్వని వాన. నాలుగోనాడు పొద్దున డప్పు వినబడింది. ఊరంతా పరుగు. మరవ మీద నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు చల్లుతున్నారు, మగవాళ్ళు బట్టలతోనే దిగి ఎగురుతున్నారు. తాత అందరినీ పక్కకు జరగమని చెప్పి, మరచెంబు నిండా ఆ నీళ్ళు పట్టి, మూత బిగించి, చుట్టూ మైనం పూశాడు. ఆ చెంబు దేవుడి పటాల పక్కన చేరింది. దాని మీద ఎవరి నీడా పడటానికి లేదు.

చెనక్కాయలు పెరికి, కాయలు ఒలిచి అమ్ముకున్న తర్వాత ప్రయాణం కుదిరింది. తాత ఒక్కడే పోతానంటే ఊరు ఊరుకుంటుందా? సగం ఊరు కదిలింది. మదనపల్లె నుంచి బస్సు మాట్లాడారు. దాన్ని నడిపే డ్రైవరును మేమంతా భాయ్ అనేవాళ్ళం. ఎర్రగా పండిన నోరు, చెవి వెనక ఓ బీడీ, పిల్లలంటే ప్రాణం. హారను కొట్టమంటే ఎదురుగా ఎవరూ లేకపోయినా కొట్టేవాడు. బస్సులోకి గంపల నిండా అత్తిరసాలు, నిప్పట్లు, బొరుగులు, బుట్టెడు పచ్చి చెనక్కాయలు, పొయ్యి రాళ్ళు కూడా ఎక్కించారు. దావలో రాళ్ళు దొరకవా అని నాయన అడిగితే, "పరాయి రాళ్ళ మింద సంగటి కుదరదు" అంది అవ్వ. పరాయి నీళ్ళు అసలే నమ్మేది కాదు. రెండు డ్రమ్ముల నిండా మా ఊరి నీళ్ళు నింపి వెనక సీటు కింద పెట్టించింది.

కుప్పంలో మా మేనత్త ఎక్కింది. ఎక్కుతూనే, "నిన్న ఏనుగులు మా రాగి సేను తొక్కేసినాయి నాయనా, తొక్కితే తొక్కనీ అని వచ్చేసినా" అని తాత పక్కన కూలబడింది. ఆమెకు అరవం బాగా వచ్చు. అంగళ్ళవాళ్ళతో బేరమాడాలన్నా, పోట్లాడాలన్నా ఆమే మా బలం. సరిహద్దు దాటగానే కొంగు బిగించింది, మళ్ళీ ఇల్లు చేరేదాకా వదల్లేదు.

పాండిచ్చేరిలో సముద్రం కనిపించింది. బస్సంతా ఆ వైపు కిటికీల మీద పడింది. మా ఊళ్ళో ఎంత పెద్ద నీళ్ళకైనా అవతల ఒడ్డుంటుంది. తాత బస్సు దిగి, చేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి అడిగాడు.

"అవతలి కట్ట యాడుండాది?"

"ల్యాదు పెద్దాయనా, అంతా నీళ్ళే" అన్నాడు భాయ్.

"కట్ట ల్యాకుండా నీళ్ళు ఎట్ల నిలస్తాయప్పా!" అని తాత అతన్నే కోప్పడ్డాడు. అవ్వ మాత్రం వాదన పెట్టుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అలల్లోకి దిగి, చేతనున్న పసుపంతా ఒకేసారి గుమ్మరించి వచ్చింది. ఇంత నీటికి చిటికెడు పసుపు ఏం చాలుతుందని ఆమె లెక్క.

ఇక అక్కడి నుంచి బస్సు సముద్రం పక్కనే పోయింది. ఉప్పు మళ్ళు, ఈత చెట్లు, ఎండబెట్టిన చేపల వాసన. కిటికీల దగ్గర కూర్చోవడానికి పిల్లలం కొట్టుకుచచ్చాం. ఊరి నీళ్ళతో కాళ్ళు కూడా కడుక్కున్నందుకు నాగపట్నం దాటగానే డ్రమ్ములు రెండూ ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత ఎక్కడ ఏ పంపు కొట్టినా ఉప్పు నీళ్ళే. పెద్దవాళ్ళు టీలు తాగి సరిపెట్టుకున్నారు. నాకు టీ ఇచ్చేవాళ్ళు కారు. నేనేమో ఎవరూ చూడకుండా నిప్పట్ల గంపలో చెయ్యి పెట్టి, ఏడో ఎనిమిదో తినేశాను. కారం కారంగా, కరకరమంటూ భలే ఉండేవి అవ్వ చేసే నిప్పట్లు. మధ్యాహ్నం ఎండలో బస్సంతా నిద్రపోతోంది. నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

తాత తల వెనక్కి వాల్చి గుర్రు పెడుతున్నాడు. ఆయన పక్కన తుండుగుడ్డలో చుట్టి, కిటికీ కమ్మీకి కట్టిన మరచెంబు బస్సు ఊగినప్పుడల్లా నన్నే పిలిచినట్టుంది. ఒక్క గుక్కే అనుకున్నాను. ముడి విప్పి, మైనం గోటితో గీకి, మూత తిప్పి, తాగాను. అబ్బ, ఆ చల్లదనం! రెండో గుక్క తాగాను. అంతటితో దప్పిక తీరింది. నిజంగా తీరింది. కానీ ఆ నీళ్ళలో మా ఊరి మన్ను వాసన ఉంది. నాలుగు రోజులుగా బయట అరవం తప్ప వినని ఆ దారిలో మా ఇల్లు నోట్లోకి వచ్చినట్టయింది. చెంబు అడుగు కనిపించేదాకా తాగాను.

అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో.

టీ కోసం బస్సు ఓ పల్లె దగ్గర ఆగింది. తాత గుర్రు మాత్రం ఆగలేదు. చెంబు గౌను కింద దాచుకుని దిగి, పంపు కొట్టి ఉప్పు నీళ్ళు నింపాను. మూత బిగించి, మైనం మళ్ళీ అంటిస్తుంటే నీడ పడింది. భాయ్. బీడీ ముట్టించబోతూ ఆగి నన్ను చూస్తున్నాడు.

"పాపా, అది పెద్దాయన సెంబు గదా?"

చెంబు వెనక్కి పెట్టుకున్నాను. ఏడుపొచ్చింది.

"యాల ఏడస్తాండావు? ఏడిస్తే నీళ్ళు తిరిగొస్తాయా? నేనేమీ సూడలే. నేను సెప్పను. సెప్పాల్సింది నువ్వు" అని తన పై గుడ్డతో నా మొహం తుడిచి, ఎత్తి బస్సులో కూర్చోబెట్టాడు.

ఆ పూటంతా నేను అత్తిరసం కూడా ముట్టలేదు. అవ్వ నుదురు పట్టుకు చూసి, దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పారేసింది. నా గుండెలో ఉన్నవి రెండు భయాలు. తాత తూము దగ్గర ఒక గుక్క తాగకుండా ఏ పనీ మొదలుపెట్టడు, పట్టేస్తాడు. అది చిన్న భయం. మొక్కు తీరకపోతే గంగమ్మ ఊరుకోదని అవ్వ చెప్పింది. నా వల్ల తాతకు ఏమైనా అయితే? అది పెద్దది.

మండపంలో బస్సు ఆపేశారు. అక్కడి నుంచి రైలే, భాయ్ కూడా మాతోనే వచ్చాడు. రైలుకు ఇంకా సమయం ఉందంటే అందరం ఒడ్డుకు నడిచాం. అక్కడి నుంచి కనిపించింది వంతెన. నీళ్ళ మీద రాతి కాళ్ళు వరుసగా ఒకదాని వెనక ఒకటి, చూపు ఆనినంత దూరం. వాటి మీద సన్నగా ఇనుప దారి. ఒక పక్క నీళ్ళు ఆకుపచ్చ, ఇంకో పక్క నీలం. గాలికి ఆడవాళ్ళ కొంగులు నిలవడం లేదు. మాకు తెలిసిన వంతెనలు కుప్పం దారిలో పాలారు మీద ఉన్నవాటిలాంటివి. కింద ఇసుక, ఆ ఇసుకలో ఎద్దులబండ్లు. వంతెన కింద ఇన్ని నీళ్ళుంటాయని మాలో ఎవరికీ తెలియదు.

మేం చూస్తుండగానే నడిమధ్య దారి రెండుగా చీలి, రెండు ముక్కలూ మెల్లమెల్లగా పైకి లేచాయి.

"ఎత్తినారు! తూము ఎత్తినారు సూడండి!" తాత పిల్లాడిలా అరిచాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. తాత నీళ్ళకేసి వంగి అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. "ఎత్తినాంక ఈపక్క నీళ్ళు దిగాల గదా. దిగలేదే! ఎవుర్రా ఆ నీరుగంటి? పని తెలిసినోడేనా?"

లేచిన ఆ రెండు ముక్కల మధ్య నుంచి పెద్ద పడవ ఒకటి తీరిగ్గా ఇటు వచ్చింది. అత్త అక్కడి చేపల వాళ్ళను అడిగి వచ్చి, "పడవలకు దావ ఇడిసేదానికంట నాయనా, నీళ్ళకు గాదంట. లోపల మనుసులు ఇనుప కడ్డీలు తిప్పి ఎత్తతారంట" అని చెప్పింది. తాత మళ్ళీ ఒకసారి నీళ్ళకేసి చూశాడు. చిన్నబుచ్చుకున్నాడేమో అనుకున్నాం. తర్వాత మీసం దువ్వుకుని అన్నాడు. "పడవకు దావ ఇచ్చినా, పైరుకు నీళ్ళిచ్చినా, సమయానికి ఎత్తి సమయానికి దించాల. తూమే ఇది." దాంతో తీర్పయిపోయింది.

రైలు వంతెన ఎక్కింది. నడిచే మనిషి దాటిపోయేటంత మెల్లగా పోతోంది. కిటికీలోంచి చూస్తే దారి కూడా కనబడదు, కింద నీళ్ళే. ఆడవాళ్ళు పూలు వేస్తున్నారు. పిల్లలు కేకలు పెడుతున్నారు. నేను అవ్వ ఒళ్ళో మొహం దాచుకున్నాను. నడిమి భాగం వచ్చేసరికి తాత లేచి, తలపాగా విప్పి భుజాన వేసుకుని, చెంబు మూత తీశాడు. "గంగమ్మా" అని, ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు.

ఆయన మొహం చూడాలి. నీళ్ళు మింగలేదు, ఉమ్మలేదు. బుగ్గలు పొంగించుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమాయ?" అంది అవ్వ.

"నేనే తాగేసినా తాతా!" ఆయన నోరు తెరవకముందే నేను అరిచేశాను. "నేనే తాగేసినా! పంపు నీళ్ళు పోసినా!"

అమ్మ చెయ్యెత్తింది. తాత ఒక చేత్తో ఆమెను ఆపి, నోట్లో నీళ్ళు కిటికీలోంచి ఉమ్మేసి, నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"యాడ తాగితివి?"

"దావలో. నిప్పట్లు తిన్నాంక."

"దప్పికి తాగితివా, ఊరికే తాగితివా?"

రైలు పెట్టెలో మా వాళ్ళంతా నా వైపు తిరిగారు. ఆ ప్రశ్న మా ఊళ్ళో అందరికీ తెలిసినదే. సగం మంది దానికి జవాబు చెప్పుకున్నవాళ్ళే. అంతా దప్పికే అని చెబితే తప్పించుకుంటానని నాకు తెలుసు. ఆయన కళ్ళలోకి చూస్తూ అది చెప్పడం నా వల్ల కాలేదు.

"మొదటి గుక్క దప్పికి తాతా. రెండోది గూడా దప్పికే. ఆమీద... ఆమీద ఊరికే. బాగుండినాయని తాగేసినా."

తాత నవ్వు మొదలుపెట్టాడు. కడుపు పట్టుకుని, కమ్మీకి ఆనుకుని నవ్వాడు. "వింటిరా? మన సెరువు నీళ్ళు బాగుండినాయంట!" పెట్టె పెట్టంతా నవ్వింది. అరవ ప్రయాణికులు కూడా ఎందుకో తెలియకపోయినా నవ్వారు. భాయ్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు.

"దప్పికి తాగినదానికి తప్పు ల్యాదు. ఊరికే తాగినదానికి, ఊరికి పోయినాంక కట్టకు పది గంపల మట్టి" అని తీర్పు చెప్పి, చెంబులో నీళ్ళు కిటికీలోంచి పారబోసి, ఖాళీ చెంబుకు మూత పెట్టేశాడు.

"మరి మొక్కో?" అంది అవ్వ.

"సూద్దాంలే" అన్నాడు. అప్పటికి వంతెన అయిపోయింది.

రామేశ్వరంలో బావి బావికీ నెత్తిన నీళ్ళు పోశారు. అందరూ కేరింతలు కొడుతున్నారు, నాకు మాత్రం అవ్వ అన్న మాటే చెవుల్లో ఉంది. తిరుగు దారంతా తాత దగ్గినా, తుమ్మినా నాకు ప్రాణం పోయేది.

ఊరు చేరిన మర్నాడే తప్పు కట్టాను. నా కొలతకు చిన్న గంప ఒకటి అల్లించారు. పిల్లలంతా వెంటబడి గంపలు లెక్కపెట్టారు. ఎనిమిది అయ్యేసరికి నడుము విరిగింది. తాత కట్ట మీద కూర్చుని చూస్తున్నాడే గానీ ఒక్కటి కూడా తగ్గించలేదు. పదోది పోసి, ఆయన పక్కన కూలబడి అడిగేశాను.

"తాతా, మొక్కు తీరలేదు గదా. గంగమ్మ నిన్ను ఏమన్నా సేస్తాదా?"

ఇన్నాళ్ళూ నేను దేనికి దిగులు పడుతున్నానో ఆయనకు అప్పుడు అర్థమైంది. నా మట్టి చేతులు తన పంచెతో తుడిచాడు.

"ఏమీ సెయ్యదే పిచ్చిదానా. తనకు రావాల్సింది రాకముందే ఎవురన్నా మడిసిని పోనిస్తారా? మొక్కు తీరేదాకా నన్ను కాపాడుకోవాల్సింది గంగమ్మే. నువ్వు నాకు మంచే సేసినావు పో."

ఆ మాట ఆయన నన్ను ఓదార్చడానికి అన్నాడనుకున్నాను. కాదు. నిజంగానే నమ్మాడు. జ్వరం వచ్చి మేమంతా బెంబేలెత్తితే, "నాకేం గాదు, సముద్రం కాడ పనుండాది" అని లేచి కూర్చునేవాడు. మళ్ళీ చెరువు నిండి మరవ పారినప్పుడు, బస్సు మాట్లాడతానని నాయన బయలుదేరితే, చెనక్కాయ ధర బాగాలేదన్నాడు. ఇంకోసారి పారింది. అప్పుడు అవ్వకు మోకాళ్ళ నొప్పులన్నాడు. అవ్వేమో వాకిట్లో నిలబడి, నాకేం నొప్పులు లేవని మొత్తుకుంటోంది. అన్నిసార్లూ డప్పు దగ్గర అందరికన్నా ముందు ఎగిరింది మాత్రం ఆయనే. నేను ఊరికే తాగిన ఆ నాలుగు గుక్కలు మా తాతకు ఎన్నేళ్ళిచ్చాయో నేను చెప్పలేను. నా జీవితంలో నేను చేసిన దొంగతనాల్లో దానికి మాత్రం నేను సిగ్గుపడను.

చివరిసారి మరవ పారినప్పుడు ఆయన మంచంలో ఉన్నాడు. నేను పెళ్ళయి, చంకలో పిల్లతో వచ్చి ఉన్నాను. డప్పు వినబడుతోంది. నన్ను దగ్గరికి పిలిచి, "ఈ తూరి వద్దులే. దావంతా బురదగా ఉంటాది, పిల్లోళ్ళతో కష్టం. వచ్చే తూరి పోదాం" అన్నాడు.

"సరే తాతా, వచ్చే తూరే పోదాం" అన్నాను.